దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకుంటే: కార్టెళ్ళను పట్టే పద్ధతులు, శిక్షించే లెక్కలు

దుబాయిలోని ఇంటర్నేషనల్ సిటీలో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు నడిచి వెళ్ళవచ్చు. అక్కడి నివాస భవనాల సముదాయాలకు దేశాల పేర్లు పెట్టారు: చైనా, పర్షియా, ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిన్, మొరాకో, రష్యా, ఇటలీ, గ్రీసు, ఎమిరేట్స్. భవనాల కింది అంతస్తుల్లో కిరాణా దుకాణాలు, సెలూన్లు, లాండ్రీలు, ఫలహారశాలలు ఉంటాయి. నగరంలోని ఖరీదైన పేటలతో పోలిస్తే అద్దెలు తక్కువ కనుక దక్షిణాసియా ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఇక్కడ కాపురముంటారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ సముదాయాలకు మంచినీళ్ళ క్యాన్లు సరఫరా చేసే వర్తకులు నలుగురే ఉన్నారని అనుకోండి. క్యాను ధర పది దిర్హాములు. ఒకరు తొమ్మిదికి దించితే మరొకరు ఎనిమిదిన్నరకు దించుతారు. అందరికీ లాభం కరిగిపోతోంది. ఒక సాయంత్రం నలుగురూ చాయ్ దగ్గర కూర్చుని రెండు మాటలు అనుకున్నారు. రేపటి నుంచి ఎవరూ పన్నెండు దిర్హాములకు తక్కువగా అమ్మకూడదు. ఇంగ్లండు, ఫ్రాన్సు ఒకరివి. చైనా, పర్షియా మరొకరివి. మిగిలినవి తక్కిన ఇద్దరివి. ఒకరి భవనాల్లోకి ఇంకొకరు పోకూడదు. కాగితం లేదు, సంతకం లేదు, సాక్షి లేడు.

దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు అన్న సామెత ఇలాంటి సందర్భానికే పుట్టింది. ఆర్థికశాస్త్రం దీన్ని కార్టెల్ అంటుంది. తెలుగు పత్రికలు కుమ్మక్కు అంటాయి. ఈ నలుగురు వర్తకులు ఊహాజనితమే కాని, వారికి వర్తించే చట్టం ఊహ కాదు. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2012లో తెచ్చిన పోటీ చట్టం చిన్న, మధ్యతరహా సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి 36వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టంలో ఆ మినహాయింపు లేదు. ధరలు కూడబలుక్కోవడం, టెండర్లలో కుమ్మక్కు కావడం, మార్కెట్లు పంచుకోవడం అక్కడ ఇప్పుడు చిన్న వర్తకులకూ నిషిద్ధమే.

అయితే ఇక్కడొక చిక్కుంది. జేబు పోయినవాడికి జేబు పోయిందని తెలుస్తుంది. క్యానుకు రెండు దిర్హాములు ఎక్కువ ఇచ్చినవాడికి తాను నష్టపోయానని తెలియనే తెలియదు. తెలిసినా రెండు దిర్హాముల కోసం ఫిర్యాదు చేయడు. బాధితుడికే తెలియని నేరాన్ని పట్టుకోవడం ఎలా? పట్టుకున్నాక ఎంత శిక్షిస్తే అది మళ్ళీ జరగదు? ప్రపంచంలోని పోటీ నియంత్రణ సంస్థలన్నీ నూరేళ్ళకు పైగా తలపట్టుకున్న ప్రశ్నలివి.

ఒకే ధర నేరమా?

మొదట తేల్చుకోవలసింది ఏది నేరం కాదన్న విషయం. ఇంటర్నేషనల్ సిటీని ఆనుకుని ఉన్న డ్రాగన్ మార్ట్‌లో ఒకే రకం సరుకు అమ్మే దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. రెండు దుకాణాల్లో ఒకే బల్బు ఒకే ధరకు దొరికితే అది కుమ్మక్కు కానక్కరలేదు. ఇద్దరూ ఒకే టోకు వర్తకుడి దగ్గర కొని ఉండవచ్చు. పక్కవాడి ధర చూసి రెండోవాడు తన ధర మార్చుకుని ఉండవచ్చు. కొన్నిసార్లు ప్రభుత్వమే ధరల పెంపును అదుపులో పెడుతుంది. ఎమిరేట్స్‌లో వంటనూనె, గుడ్లు, పాల ఉత్పత్తులు, బియ్యం, పంచదార, కోడిమాంసం, పప్పుధాన్యాలు, రొట్టె, గోధుమలు అనే తొమ్మిది నిత్యావసరాల ధరలను ఆర్థిక మంత్రిత్వశాఖ అనుమతి లేకుండా పెంచడానికి వీల్లేదు.

పక్కవాడిని చూసి ధర మార్చడం వ్యాపారం. పక్కవాడితో మాట్లాడుకుని ధర మార్చడం నేరం. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందువల్ల దర్యాప్తు సంస్థ వెతికేది ధరను కాదు, ఆ ధర వెనుక ఉన్న మాటను.

ఈ తేడా కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కంటకశోధనమనే అధికరణం కూడబలుక్కుని సరుకును అడ్డుకునే వర్తకులకు, అన్యాయమైన ధరకు అమ్మేవారికి వెయ్యి పణాల జరిమానా విధించింది. ఆధునిక చట్టాల్లో పాతవాటిలో ఒకటి 1890లో అమెరికా చేసిన షెర్మన్ చట్టం. భారతదేశం 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టాన్ని పక్కనపెట్టి 2002లో కాంపిటీషన్ చట్టం చేసింది. అందులో కుమ్మక్కును నిషేధించే మూడో సెక్షన్ 2009 మే 20న అమలులోకి వచ్చింది. అమలుచేసే సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ. దర్యాప్తు జరిపేది ఆ సంస్థలోని డైరెక్టర్ జనరల్ కార్యాలయం.

కార్టెళ్ళ గుట్టు మూడు దారుల్లో బయటపడుతుంది: అంకెలు, లోపలి మనిషి, మాటలు వదిలిన జాడలు. ఒక్కోదానికి ఒక్కో కేసు చాలు.

మొదటి దారి: అంకెల్లో అనుమానం

ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు వాడతారు. గాలిలోని తేమ తగిలితే అవి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తాయి. మింగినవారిని బతికించుకోవడం ఎంత కష్టమో ఎమర్జెన్సీ వార్డుల్లో పనిచేసిన వైద్యులకు తెలుసు. భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, ఈ మాత్రలను టెండరు పిలిచి కొంటుంది. 2009 మేలో పిలిచిన టెండరుకు యునైటెడ్ ఫాస్ఫరస్, ఎక్సెల్ క్రాప్ కేర్, సంధ్యా ఆర్గానిక్ కెమికల్స్ అనే మూడు కంపెనీలు ధరలు దాఖలు చేశాయి. మూడూ రాసిన ధర ఒకటే: కిలోకు 388 రూపాయలు. బేరమాడిన తర్వాత 386కు దిగాయి. 2011 ఫిబ్రవరిలో ఎఫ్‌సీఐ సీసీఐకి ఫిర్యాదు చేసింది.

మూసిన కవర్లలో మూడు అంకెలు ఒకటే కావడం అనుమానం మాత్రమే. ఆ అనుమానం ఎలా గట్టిపడిందన్నదే ఈ కేసులోని పాఠం. మూడు కంపెనీల పరిమాణాలు వేరు, ఉత్పత్తి వ్యయాలు వేరు, కర్మాగారాలున్న చోట్లు వేరు. వ్యయాలు వేరైనప్పుడు ధర రూపాయితో సహా కలవాలంటే తగిన కారణం చూపాలి. ముడిసరుకు ధరలు పెరిగాయన్న వాదన ధరలు పెరగడాన్ని వివరించగలదు. అవి ఒకటే కావడాన్ని వివరించలేదు. దానికి తోడు ఎఫ్‌సీఐ కార్యాలయపు సందర్శకుల పుస్తకంలోని నమోదులు కూడా సాక్ష్యంలో చేరాయి. ఇలాంటి చిల్లర ఆధారాలు విడివిడిగా దేన్నీ రుజువు చేయవు. కలిపి చూసినప్పుడు ఒప్పందం తప్ప మరో వివరణ మిగలదు. 2012 ఏప్రిల్‌లో సీసీఐ అదే తేల్చింది. టెండరు దాఖలైన నాటికి మూడో సెక్షన్ అమలులోకి రాలేదన్న అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. టెండరు ప్రభావం ఆ తేదీ దాటి కొనసాగింది కనుక చట్టం వర్తిస్తుందన్నది.

అంకెలను ముందే జల్లెడ పట్టే ప్రయత్నాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా పోటీ సంస్థ ప్రభుత్వ టెండర్ల సమాచారాన్ని కంప్యూటరుతో పరిశీలించే పద్ధతిని 2006లోనే ప్రవేశపెట్టింది. అమెరికా సైన్యానికి చేపల ముక్కలు సరఫరా చేసిన కంపెనీల కుమ్మక్కు మీద ఆర్థికవేత్తలు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. కార్టెల్ కూలిన తర్వాత సగటు ధర 16 శాతం తగ్గడమే కాక, ధరల్లో ఊగిసలాట బాగా పెరిగిందని అందులో తేలింది. పోటీ ఉన్న మార్కెట్లో ధర జీవమున్న నాడిలా కొట్టుకుంటూ ఉంటుంది. ఖర్చులు మారుతున్నా ధర కదలకుండా ఉంటే ఎవరో పట్టుకుని ఉంచారేమోనని అనుమానించాలి. వేరువేరు కంపెనీల టెండరు పత్రాల్లో ఒకే అక్షరదోషం, ఒకే కంప్యూటరులో తయారైన ఫైళ్ళు, వంతులవారీగా గెలుపు కూడా అలాంటి లక్షణాలే.

కాని లక్షణం వ్యాధి కాదు. స్క్రీనింగ్‌లో తేడా కనబడినంత మాత్రాన కాన్సరని తేల్చరు, బయాప్సీకి పంపుతారు. అంకెల జల్లెడ ఎక్కడ వెతకాలో చెబుతుంది. నేరం జరిగిందని చెప్పగలిగేది లోపలి ముక్క చేతికి చిక్కినప్పుడే.

రెండో దారి: అప్రూవర్

లోపలి ముక్కను బయటకు తెచ్చే ఉపాయం పోలీసు కథలు చదివిన తెలుగువారందరికీ తెలిసినదే. దొంగల ముఠాలో ఒకడు అప్రూవర్‌గా మారితే ముఠా కథ ముగుస్తుంది. అమెరికా న్యాయశాఖ ఈ పద్ధతిని కార్టెళ్ళకు 1978లో మొదలుపెట్టి, 1993లో పదును పెట్టింది. మొదట వచ్చి నిజం చెప్పిన కంపెనీకి నేరవిచారణ ఉండదు. రెండోవాడికి ఆ భాగ్యం లేదు. ఐరోపా సంఘం 1996లో ఇదే దారి పట్టింది. 1999లో విటమిన్ల కార్టెల్ బద్దలైనప్పుడు అమెరికాలో హాఫ్‌మన్ లా రోష్ 50 కోట్ల డాలర్లు, బీఏఎస్‌ఎఫ్ 22.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. దర్యాప్తుకు సహకరించి మినహాయింపు పొందిన రోన్-పూలెంక్ కట్టలేదు.

భారతదేశంలో ఈ సదుపాయానికి చట్టంలోని పేరు లెస్సర్ పెనాల్టీ. 46వ సెక్షన్ దానికి ఆధారం. మొదట వచ్చిన కంపెనీకి జరిమానాలో నూటికి నూరు శాతం వరకు, రెండోదానికి 50 శాతం వరకు, మూడోదానికి 30 శాతం వరకు తగ్గింపు దొరకవచ్చు. ఎవరు ముందు తలుపు తట్టారన్నదే ముఖ్యం కనుక, వచ్చిన సమయాన్ని గుర్తించి వరుసలో చోటు కేటాయిస్తారు.

ఈ సదుపాయం ఎలా పనిచేస్తుందో తెలుగువారికి బాగా పరిచయమున్న ఒక వస్తువు చూపిస్తుంది. టార్చిలైట్లలో, గోడగడియారాల్లో, రేడియోల్లో వాడే నిప్పో బ్యాటరీల తయారీదారు ఇండో నేషనల్. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో దాని ఉత్పత్తి సాగింది. జపాన్‌కు చెందిన పానసోనిక్ కార్పొరేషన్, తన తరఫున, తన భారతీయ అనుబంధ సంస్థ తరఫున సీసీఐ తలుపు తట్టింది. ఎవరెడీ, నిప్పో, తామూ కలిసి జింక్-కార్బన్ డ్రైసెల్ బ్యాటరీల ధరలను కూడబలుక్కుంటున్నామని వెల్లడించింది. 2016 ఆగస్టు 23న డైరెక్టర్ జనరల్ బృందాలు మూడు కంపెనీల కార్యాలయాల్లో ఒకేసారి సోదాలు జరిపి పత్రాలు స్వాధీనం చేసుకున్నాయి. ఒకేసారి అన్న మాట ముఖ్యం. ఒకచోట తలుపు తడితే మరోచోట కాగితాలు మాయమవుతాయి. సోదాల తర్వాత ఎవరెడీ, నిప్పో కూడా తగ్గింపు కోరుతూ దరఖాస్తు చేసుకున్నాయి.

2018 ఏప్రిల్ 19 నాటి ఉత్తర్వులో సీసీఐ మూడు కంపెనీలతో పాటు డ్రైసెల్ తయారీదారుల సంఘాన్నీ తప్పుపట్టింది. ధరలు కూడబలుక్కోవడం, సరఫరాను అదుపు చేయడం, మార్కెట్ పంచుకోవడం జరిగాయని నిర్ధారించింది. తగ్గింపులు ఇలా ఉన్నాయి: పానసోనిక్‌కు 100 శాతం, ఎవరెడీకి 30, నిప్పోకు 20. తగ్గింపు పోను ఎవరెడీ మీద 171.55 కోట్ల రూపాయలు, ఇండో నేషనల్ మీద 42.26 కోట్ల రూపాయలు పడ్డాయి. పానసోనిక్ కట్టవలసింది సున్న. ఒకే నేరం చేసిన ముగ్గురికి మూడు రకాల ఫలితాలు. ఆ తేడాను నిర్ణయించింది నేరంలో వాటా కాదు, ఒప్పుకోవడంలో వేగం.

ఇది న్యాయమా అన్న ప్రశ్న సహజం. అందరిలాగే లాభపడినవాడు అందరికంటే ముందు పరుగెత్తినందుకు శిక్ష లేకుండా పోతున్నాడు. దీనికి నియంత్రణ సంస్థలు ఇచ్చే జవాబు నీతికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. కార్టెల్ బలం రహస్యం. బలహీనత పరస్పర అపనమ్మకం. ఒప్పందంలో ఉన్న ప్రతివాడికీ రాత్రిపూట ఒకటే ఆలోచన: పక్కవాడు రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తే? ఈ భయాన్ని పెంచగలిగితే చాలా కార్టెళ్ళు పుట్టకముందే చస్తాయి. ఒక అప్రూవర్‌ను వదిలిపెట్టడం ఆ భయానికి కట్టే ఖరీదు. 2024 ఫిబ్రవరిలో భారతదేశం మరో మెట్టు చేర్చింది. ఒక కార్టెల్ విషయంలో తగ్గింపు కోరుతున్న కంపెనీ తనకు తెలిసిన రెండో కార్టెల్ గుట్టు విప్పితే మొదటిదాంట్లో అదనపు తగ్గింపు దొరుకుతుంది.

మూడో దారి: మాటల జాడలు

ఎవరూ లోపలినుంచి ముందుగా రాకపోతే దర్యాప్తు సంస్థ మాటలు వదిలిన జాడలను ఏరుకోవాలి. అమెరికాలో జెనెరిక్ మందుల కేసు దీనికి ఉదాహరణ. హైదరాబాదు మందుల పరిశ్రమకు, అమెరికాలోని తెలుగువారికి ఇది దగ్గరి సంగతి.

2014 జులైలో కనెటికట్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం డిజాక్సిన్ అనే పాత గుండెమందు ధర ఎందుకు పెరిగిందని ఆరా తీయడం మొదలుపెట్టింది. అదే ఏడాది సెనేటర్ బెర్నీ శాండర్స్, ప్రతినిధి ఎలైజా కమింగ్స్ మందుల కంపెనీలకు రాసిన లేఖల్లో మరో ఉదాహరణ ఉంది: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల 500 మాత్రల సీసా సగటు ధర 2013 అక్టోబరులో 20 డాలర్లు, 2014 ఏప్రిల్ నాటికి 1,849 డాలర్లు. పేటెంటు కాలం ఎప్పుడో ముగిసిన మందులివి. పోటీ వల్ల ధర తగ్గవలసిన చోట పెరిగింది. అయినా ధర పెరగడం ఒక్కటే రుజువు కాదు. ముడిసరుకు కొరత, కర్మాగారం మూసివేత వంటి కారణాలూ ఉండవచ్చు. కనుక దర్యాప్తు ధరలను దాటి ఫోన్ల వైపు తిరిగింది. ఏ కంపెనీ అమ్మకపు అధికారి ఏ రోజున ఎవరికి ఫోన్ చేశాడు, ఎంతసేపు మాట్లాడాడు, ఏ సమావేశంలో ఎవరితో భోంచేశాడు, ఆ తర్వాత ఎన్నాళ్ళకు ధర మారింది అన్న వివరాలను ఒకే కాలరేఖ మీద పేర్చారు.

2016 డిసెంబరులో కనెటికట్ నాయకత్వంలో రాష్ట్రాలు ఆరు కంపెనీలపై దావా వేశాయి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న అరబిందో ఫార్మా అమెరికా శాఖ వాటిలో ఒకటి. 2019 మేలో వేసిన రెండో దావాలో డాక్టర్ రెడ్డీస్ కూడా ప్రతివాది. ప్రతి కంపెనీకీ మార్కెట్లో తన న్యాయమైన వాటా దక్కాలన్న అవగాహన పరిశ్రమలో ఉండేదని రాష్ట్రాల ఆరోపణ. మంచినీళ్ళ వర్తకుల భవనాల పంపకానికీ దీనికీ సారంలో తేడా లేదు. ఆరోపణ నేర నిర్ధారణ కాదని గుర్తుంచుకోవాలి. న్యాయశాఖ నేరవిచారణలో కేసు ఎదుర్కొని ఒప్పందాలు చేసుకున్న ఏడు కంపెనీలు హెరిటేజ్, రైజింగ్, శాండోజ్, అపోటెక్స్, టారో, టెవా, గ్లెన్‌మార్క్. హైదరాబాదు కంపెనీలు ఆ జాబితాలో లేవు. శాండోజ్ 2020లో 19.5 కోట్ల డాలర్లకు, టారో అదే ఏడాది 20.57 కోట్లకు, టెవా 2023లో 22.5 కోట్లకు ఒప్పుకున్నాయి. హెరిటేజ్‌లోని ఇద్దరు మాజీ ఉన్నతాధికారులు 2017 జనవరిలోనే నేరం ఒప్పుకుని దర్యాప్తుకు సహకరించారు. అంటే మూడో దారి కూడా చివరకు రెండో దారిలోనే కలిసింది. జాడలు దొరికాక మనుషులు మాట్లాడతారు.

శిక్ష అనే లెక్క

పట్టుకున్నాక ఎంత జరిమానా వేయాలి? లాభం ఎంతో అంతే అని తోచవచ్చు. అది చాలదు. ఒక కార్టెల్ పది లక్షల దిర్హాములు గడించిందని, అలాంటివి ఐదింటిలో ఒకటే పట్టుబడుతుందని అనుకోండి. జరిమానా పది లక్షలే అయితే నాలుగుసార్లు లాభం, ఒకసారి అసలుకు అసలు. కుమ్మక్కు మంచి వ్యాపారమే. దాన్ని నిలువరించాలంటే జరిమానా కనీసం యాభై లక్షలు దాటాలి. పట్టుబడే అవకాశం ఎంత తక్కువైతే జరిమానా అంత పెద్దది కావాలి. మరీ పెద్దదైతే కంపెనీ మూతపడి మార్కెట్లో పోటీ ఇంకా తగ్గుతుంది.

భారత చట్టం కార్టెళ్ళకు పెట్టిన పరిమితి: ఒప్పందం కొనసాగిన ప్రతి ఏడాదికీ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవరులో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. టర్నోవరంటే కంపెనీ మొత్తం వ్యాపారమా, కుమ్మక్కు జరిగిన సరుకుదేనా? అల్యూమినియం ఫాస్ఫైడ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది ఈ ప్రశ్న మీదే. సీసీఐ మొత్తం టర్నోవరుపై 9 శాతం లెక్కగట్టి యునైటెడ్ ఫాస్ఫరస్‌కు 252.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ కంపెనీకి ఇంకెన్నో ఉత్పత్తులున్నాయి. అప్పీలు ట్రిబ్యునల్ ఆ మాత్రల వ్యాపారాన్నే పరిగణించి దాన్ని 6.94 కోట్లకు తగ్గించింది. 2017 మే 8న జస్టిస్ ఏ.కె. సిక్రీ, జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం ట్రిబ్యునల్ పద్ధతినే సమర్థించింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ రమణ విడిగా రాసిన ఏకీభావ తీర్పులో జరిమానాను రెండు అంచెల్లో లెక్కించాలన్నారు. మొదట సంబంధిత టర్నోవరు తేల్చాలి. తర్వాత నేర తీవ్రత, కాలవ్యవధి, పాత్ర, నష్టం వంటి అంశాలను తూచి శాతం నిర్ణయించాలి. నేరానికి తగిన శిక్ష అన్నది ఇక్కడి సూత్రం.

దానికి మరో పక్షం ఉంది. 252 కోట్లు ఏడు కోట్లయితే ఏ బోర్డు గది భయపడుతుంది? 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, టర్నోవరంటే అన్ని ఉత్పత్తులు, సేవల మీద ప్రపంచవ్యాప్తంగా వచ్చిన మొత్తమని నిర్వచించింది. ఇది 2024 మార్చిలో అమలులోకి వచ్చింది. అదే సమయంలో వచ్చిన మార్గదర్శకాలు జరిమానాను సంబంధిత టర్నోవరు సగటులో 30 శాతం వరకు లెక్కించి, చట్టంలోని గరిష్ఠ పరిమితికి లోబడి ఉంచమన్నాయి. అంటే న్యాయస్థానం చెప్పిన తూకాన్ని ఉంచుతూనే పార్లమెంటు పైకప్పును ఎత్తింది.

కాగితం మీది అంకెకు, ఖజానాలో పడే డబ్బుకు మధ్య ఉన్న దూరం అసలు సమస్య. ఇల్లు కట్టుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ సిమెంటు బస్తా ధర గుర్తుంటుంది. బిల్డర్ల సంఘం ఫిర్యాదుపై 2012 జూన్ 20న సీసీఐ పదకొండు సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2015 డిసెంబరులో ట్రిబ్యునల్ దాన్ని కొట్టివేసింది. కారణం కంపెనీలు నిర్దోషులని కాదు. వాదనలు విననివారు తీర్పుపై సంతకం చేశారని. విన్నవాడే తీర్పు చెప్పాలన్నది సహజన్యాయ సూత్రం. సీసీఐ మళ్ళీ విచారించి 2016 ఆగస్టు 31న మళ్ళీ జరిమానా వేసింది. 2018 జులైలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని సమర్థించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. జరిమానాలో 10 శాతం డిపాజిట్ చేయాలన్న షరతుతో అప్పీళ్ళు విచారణకు స్వీకరించారు. ఒక విధాన దోషం వల్ల నాలుగేళ్ళు పోయాయి. ఆ కాలంలో ఇళ్ళు కట్టుకున్నవారికి ఒక్క బస్తా డబ్బు కూడా తిరిగి రాలేదు. భారతదేశంలో ఈ జరిమానాలు చేరేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయినవారు పరిహారం కోసం విడిగా ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

అమెరికా ఈ లెక్కలో మరొక అంశం కలుపుతుంది: జైలు. అక్కడ కుమ్మక్కు క్రిమినల్ నేరం. వ్యక్తులకు పదేళ్ళ వరకు శిక్ష, పది లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. కంపెనీ జరిమానా వాటాదారుల జేబులోంచి పోతుంది. జైలు మాత్రం ఫోను ఎత్తి మాట్లాడినవాడి జీవితంలోంచి పోతుంది. నష్టపోయినవారు మూడు రెట్ల పరిహారం కోరుతూ దావా వేసుకునే హక్కు కూడా అక్కడుంది. భారత కాంపిటీషన్ చట్టంలో కార్టెల్‌కు జైలు లేదు; బాధ్యులైన అధికారులకు జరిమానా మాత్రం ఉంది.

తిరిగి చాయ్ దగ్గరికి

ఎమిరేట్స్ కొత్త చట్టం ప్రకారం కుమ్మక్కుకు జరిమానా లక్ష దిర్హాములతో మొదలై, ఉల్లంఘనకు సంబంధించిన సరుకు లేదా సేవ మీద గత ఆర్థిక సంవత్సరంలో దేశంలో వచ్చిన వార్షిక అమ్మకాల్లో 10 శాతం వరకు వెళ్ళవచ్చు. ఆ అమ్మకాలు లెక్కించడం సాధ్యం కాకపోతే ఐదు లక్షల నుంచి యాభై లక్షల దిర్హాముల వరకు. క్యానుకు రెండు దిర్హాములు ఎక్కువ తీసుకున్న వర్తకుడికి లక్ష కూడా చిన్న మొత్తం కాదు. ఒప్పందం దేశం బయట జరిగినా, దాని ప్రభావం దేశంలోని పోటీ మీద పడితే చట్టం వర్తిస్తుంది.

ఆ నలుగురి గుట్టు ఎలా బయటపడవచ్చు? నాలుగో వర్తకుడికి తన వాటా తక్కువని కోపం రావచ్చు. పని మానేసిన గుమాస్తా నోరు విప్పవచ్చు. ఒక భవన నిర్వాహకుడు నలుగురినీ ధరలు అడిగితే నలుగురి కొటేషన్లలో ఒకే అక్షరదోషం కనిపించవచ్చు. ధర పెంచే ముందురోజు వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక బొటనవేలి గుర్తు సాక్ష్యం కావచ్చు. కాగితం రాసుకోలేదన్న ధైర్యం ఇప్పుడు పనికిరాదు, ఫోను రాసుకుంటుంది.

చిన్న వర్తకులకు, వృత్తి సంఘాలకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ప్రవాసంలో ఒకే ఊరివారు, ఒకే భాషవారు ఒకే వ్యాపారంలో ఉండడం మామూలు. ఒకరికొకరు సాయపడడం అక్కడ బతుకు తీరు. పనివాళ్ళ వీసాల గురించి, లైసెన్సుల గురించి, చెడిపోయిన సరుకు గురించి మాట్లాడుకోవడంలో తప్పులేదు. మాట ధర మీదికి, ఎవరి వాటా ఎంతన్నదాని మీదికి మళ్ళినప్పుడు సాయం కుమ్మక్కుగా మారుతుంది. అప్పుడు మౌనంగా కూర్చోవడం రక్షణ కాదు. ఆ సమావేశంలో ఉండి, విని, తర్వాత అదే ధరకు అమ్మినవాడిని ఒప్పందంలో భాగస్వామిగానే చూస్తారు. అభ్యంతరం చెప్పి, లేచి వెళ్ళిపోయి, ఆ సంగతి నమోదయ్యేలా చూసుకోవడం ఒక్కటే మార్గం.

దొంగలు ఊళ్ళు పంచుకోవడం సామెతలో తేలిక. నిజజీవితంలో ఆ పంపకం ఎప్పుడూ నిలకడగా ఉండదు. ఊళ్ళు పంచుకున్నవారికి ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉండదు కనుక. ఆ అపనమ్మకాన్ని చట్టం తన పనిముట్టుగా మార్చుకుంది. పట్టుబడ్డాక శిక్ష పదేళ్ళు ఆలస్యమైతే మాత్రం ఆ పనిముట్టుకు తుప్పు పడుతుంది. రేపు పొద్దున్నే పక్కవాడు వెళ్ళి చెప్పేస్తాడన్న భయం ఎంత అవసరమో, చెప్పాక ఏదో ఒకటి త్వరగా జరుగుతుందన్న నమ్మకం కూడా అంతే అవసరం. ఆ రెండూ ఉన్నచోట పన్నెండు దిర్హాముల క్యాను మళ్ళీ పదికి దిగుతుంది. ఎందుకు దిగిందో కొన్నవాడికి తెలియకపోవచ్చు. పెరిగినప్పుడూ అతనికి తెలియలేదు.